సంతోషంగా ఉన్న టెనెంట్

టెనెంట్లకు మేలు చేసే బిల్లును, టెనెంట్ల మేలు కోరి ఓడించి తీరాలని హెర్న్‌డన్ ఊరి చిన్న ఓనర్ల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం చదివినవారు సంఘాధ్యక్షులు వీరభద్రరావుగారు. ఆయనకు తొమ్మిది టౌన్‌హౌస్‌లు ఉన్నాయి. అన్నీ చిన్నవే కనుక ఆయన చిన్న ఓనరు.

బిల్లు పెద్దదేమీ కాదు. లీజు అయ్యాక టెనెంటును పంపించాలంటే ఓనరు కారణం చెప్పాలి. హీటరు పాడైతే వెంటనే బాగు చేయించాలి. అంతే. “కారణం చెప్పమంటే మన కల్చర్ ఏమైపోవాలి?” అని రావుగారు గద్గద స్వరంతో అడిగేసరికి కొందరు బిర్యానీ తినడం కూడా ఆపారు.

రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో శాసనసభ కమిటీ ముందు బిల్లు మీద విచారణ జరుగుతోంది. అక్కడికి సంతోషంగా ఉన్న టెనెంటును ఒకరిని తీసుకువెళ్లాలని రావుగారికి తోచింది. వెతికి వెతికి తన ఇంట్లోనే అద్దెకుంటున్న జయంతిని ఎంచుకున్నారు.

జయంతి సాఫ్ట్‌వేర్ టెస్టర్. హెచ్ వన్ బీ వీసా మీద ఉంది. కూతురు వేద హైస్కూలు ఆఖరి ఏడాది చదువుతోంది. స్కూలు మారకుండా ఈ ఏడాది గడిస్తే చాలని జయంతి కోరిక. అందుకే చలికాలం మొదట్లోనే హీటరు ప్రాణం విడిచినా గట్టిగా అడగలేదు. తల్లీకూతుళ్లు ఇంట్లో జాకెట్లతో తిరుగుతున్నారు.

రావుగారు లడ్డూల డబ్బాతో వచ్చారు.

“చూడమ్మా, నువ్వు మా ఇంటి ఆడపడుచులాంటిదానివి. ‘ఐ యామ్ వెరీ హ్యాపీ’ అను చాలు.”

“అంకుల్, హీటర్ సంగతి...”

“అక్కడికే వస్తున్నా. బిల్లు పాసైందనుకో, హీటర్ రిపేర్ లీగల్ మ్యాటర్ అయిపోతుంది. ఇప్పుడైతే మన మధ్య ఉన్నది ఆప్యాయత. ఆప్యాయతకి డెడ్‌లైన్ పెడతామా?”

“లీజ్ రెన్యూ చేస్తారు కదా అంకుల్?”

“నిన్ను కాక ఎవర్ని పెట్టుకుంటానమ్మా!”

జయంతి ఆఫీసుకు సెలవు పెట్టింది. కారులో రావుగారు దారి పొడవునా ఆమె చేత సంతోషాన్ని రిహార్సల్ చేయించారు. చాలా రోజులకు జాకెట్ విప్పిన జయంతికి ఆ వెచ్చదనంలో కళ్లు మూతలు పడ్డాయి. “అదీ! ఆ ఫేస్ మెయిన్‌టెయిన్ చెయ్యమ్మా” అన్నారాయన.

బిల్లు ప్రవేశపెట్టిన డెలిగేట్, అంటే శాసనసభ్యులు, తేజేశ్వర్‌గారు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు యువకులు. ఇల్లు దయ కాదు, హక్కు అని ఆయన ప్రసంగిస్తుంటే వెనక వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. తరవాత జయంతిని పిలిచారు.

“ఐ యామ్ వెరీ...” అంది జయంతి. మాట ఆగింది. ఆ పొద్దున చలికి వేళ్లు వంగడం లేదని, వచ్చే ఏడాది కాలేజీకి వెళ్లబోయే కూతురు షూ లేసులు కట్టమని పాదం చాపింది. “...కోల్డ్” అంది. ఆపైన అంతా చెప్పేసింది.

హాలు లేచి నిలబడింది. తేజేశ్వర్‌గారు కిందికి దిగి వచ్చి ఆమెతో ఫోటో దిగారు. “ఆంటీ, మీరు చాలా బ్రేవ్ ఉన్నారు. స్టేట్‌కి మీలాంటి టెనెంట్స్ కావాలి.” రావుగారు కూడా చప్పట్లు కొట్టారు. కెమెరా అటే తిరిగి ఉంది మరి.

కమిటీ చలించిపోయింది. చలించిపోయి, బిల్లును అధ్యయనం నిమిత్తం పై ఏడాదికి వాయిదా వేసింది. ఇది చరిత్ర అన్నారు తేజేశ్వర్‌గారు. ఇది ప్రజాస్వామ్యం అన్నారు రావుగారు. ఇద్దరూ చేతులు కలిపారు.

వారం తిరక్కుండానే, లీజు పొడిగించడం లేదని రావుగారు ఫోన్ చేశారు.

“ఎందుకు అంకుల్?”

“కారణం చెప్పాలని ఇంకా లా రాలేదు కదమ్మా.”

“కనీసం వేద గ్రాడ్యుయేషన్ దాకా...”

“నీకేంటమ్మా, ఇప్పుడు ఫేమస్ అయిపోయావు. ఎవరైనా ఇస్తారు.”

ఎవరూ ఇవ్వలేదు. వీడియో చూశాం, భలే మాట్లాడారండీ అని మెచ్చుకున్న ప్రతి ఓనరూ, ఇల్లు ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామన్నాడు. చివరికి గీతాంజలి అనే ఏజెంటు అదే స్కూలు పరిధిలో ఒక ఇల్లు చూపించింది. “ఓనర్‌కి టెనెంట్స్ అంటే ప్రాణం అండీ. చూస్తారుగా, వస్తున్నారు” అంది.

ఇల్లు వెచ్చగా ఉంది. వేద జాకెట్ తీసేసి, పై గది నాది అని అరిచింది. అంతలో ఓనరు వచ్చారు. తేజేశ్వర్‌గారు!

“ఆంటీ! నేను ప్రతి స్పీచ్‌లో మీ స్టోరీ చెప్తాను!”

జయంతికి కొండంత ధైర్యం వచ్చింది. “ఇల్లు మీదని తెలీదు బాబూ. మాకివ్వండి. పాప స్కూల్ మారక్కర్లేదు.”

తేజేశ్వర్‌గారి ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

“ఇవ్వాలని ఉంది ఆంటీ. కానీ నాకు ఇది ఒకటే రెంటల్. మీరు మైక్‌లో చెప్పే టైప్ కదా. కొంచెం క్వైట్ ఫ్యామిలీ కావాలి.”

జయంతి, వేద తీసేసిన జాకెట్‌ను చేతిలోకి తీసుకుంది.

“బట్ నెక్స్ట్ ఇయర్ హియరింగ్‌కి ప్లీజ్ రండి ఆంటీ. ఇల్లు పోయిన పార్ట్ కూడా యాడ్ చేస్తే ఇంకా స్ట్రాంగ్ ఉంటుంది.”

జయంతి కూతుర్ని కిందికి రమ్మని పిలిచింది. వాళ్లిద్దరూ బయటికి వెళ్లేదాకా తేజేశ్వర్‌గారు ఎంతో మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నారు.