మంట మరీ ఎక్కువైంది

పాడి రైతు ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు అధికారి వస్తాడు, గోబర్ గ్యాస్ పొయ్యి వెలుగుతుంది, రెండో ట్యాంకు మంజూరవుతుంది. ఆ గ్యాసుతో ఇంజను నడిపితే కరెంటు పోయినా పాలు విరగవు. ఈ వారంలోనే రెండుసార్లు క్యాన్లకు క్యాన్లు పారబోశాడు పాపం.

ఎనిమిదింటికి కాఫీ కోసం పొయ్యి వెలిగించబోతే అగ్గిపుల్ల తప్ప ఏమీ మండలేదు.

"గ్యాసేదే?"

"నన్నడుగుతారేం? అధికారి వస్తాడు, శుభ్రంగా ఉండాలన్నారని నాలుగు రోజులుగా కొట్టమంతా ఫినాయిలుతో కడుగుతున్నా. వెళ్లి చూడండి, అద్దంలా ఉంది!" అంది భార్య.

రైతు నెత్తి కొట్టుకున్నాడు. కొట్టం కాలువ నేరుగా ట్యాంకులోకే పోతుంది. పేడను గ్యాసు చేసే సూక్ష్మజీవులన్నీ ఫినాయిలు తాగి చచ్చి ఊరుకున్నాయి.

"నేనున్నాగా బావా!" అన్నాడు బావమరిది. ఆ మాట విన్నప్పుడల్లా రైతు గుండె గుభేలుమంటుంది. కానీ ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బావమరిది వంటింటి గోడ వెనక సిలిండర్ పెట్టి, దాన్ని గోబర్ గ్యాస్ పైపుకు తగిలించి, వాల్వు పట్టుకుని కూర్చున్నాడు. "మంట తగ్గితే 'తక్కువ' అని గట్టిగా అను, తిప్పేస్తా."

అధికారి వచ్చాడు. పొయ్యి భగ్గుమంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"అబ్బో! ఒక్క ట్యాంకుకే ఇంత జోరుంటే రెండోది దేనికయ్యా?"

రైతు కంగారుగా చేతులు అడ్డంగా ఊపాడు. "అబ్బే, రోజూ ఇంత రాదండీ! బాగా తక్కువండీ!"

గోడ అవతల 'తక్కువ' అని వినబడగానే బావమరిది వాల్వు తిప్పాడు. మంట మూరెడెత్తు లేచింది.

"నిజమండీ, చాలా తక్కువండీ! నమ్మండీ!"

మరో తిప్పు. ఈసారి దండెం మీది మసిగుడ్డ అంటుకుంది. భార్య చెంబెడు నీళ్లు కొట్టింది, సగం అధికారి చొక్కా మీద పడ్డాయి. రైతుకు ఏడుపొక్కటే తక్కువ. నిజం చెబితే దొంగవుతాడు, చెప్పకపోతే ట్యాంకు పోతుంది.

"చాల్లేవయ్యా నీ వినయం. ఇలాంటి మంట నా సర్వీసులో చూడలేదు," అంటూ అధికారి చొక్కా పిండుకుని, కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు.

బావమరిది చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం రాశాడు బావా?"

రైతు పళ్లు నూరుతూ చదివాడు. "'ట్యాంకు నిర్వహణ అద్భుతం. ఉన్నదే అవసరానికి మించి ఇస్తోంది. రెండోది అనవసరం.'"

ఒక అధికారి అతని గురించి మంచి మాట రాయడం అదే మొదటిసారి.