ఇరవై ఒకటో మనిషి

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల ఇన్‌చార్జి ఆ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూనే గెలిచేశాడు.

"చూస్తూ ఉండు, ఈ రోజు ఆ దండగమారి లైసెన్సులన్నీ పీకేస్తా. మేనేజరు కుర్చీ మనదే!" అన్నాడు భార్యతో.

ఆమె అదే ఆఫీసులో వంతెనల డ్రాయింగులు గీస్తుంది. "కుర్చీ సంగతి తర్వాత. మధ్యాహ్నంలోగా నా డ్రాయింగు వెళ్ళకపోతే వంతెన పని వేరేవాళ్ళకి పోతుంది. నా జోలికి మాత్రం రాకండి," అని కొలతలు తేవడానికి సైటుకు వెళ్ళిపోయింది.

ఆఫీసులో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇరవై లైసెన్సులు; అంటే ఒకేసారి ఇరవై మందే తెరవచ్చు. నిజంగా వాడేది అయిదుగురే. ఆ సంగతి రుజువు చేద్దామని అతను అందరికీ మెయిల్ పెట్టాడు: "ఈ రోజు సాఫ్ట్‌వేర్ తెరవనివారి లైసెన్సు రద్దు."

అంతే! ఏళ్ళ తరబడి దాని మొహం చూడనివాళ్ళకు కూడా ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బస్సు సీట్లో రుమాలు వేసినట్టు తలా ఒకటి తెరిచి కూర్చున్నారు. రిసెప్షనిస్టు పిల్లి బొమ్మ గీసి మీసాలు దిద్దుతోంది.

సైటు నుంచి వచ్చిన భార్య ఫోన్ చేసింది. "ఏవండీ, ఖాళీ లేదంటోంది! నేను ఇరవై ఒకటోదాన్నట!"

అతను అకౌంటెంటు దగ్గరికి పరుగెత్తాడు. "సార్, ఒక్క గంట మూసెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటా!"

"మూస్తే రద్దు చేస్తారుగా?"

"చెయ్యను సార్, ఒట్టు!"

"అయితే ఆ ముక్క అందరికీ మెయిల్లో పెట్టండి."

పెట్టాడు. మూసినా రద్దు చెయ్యనంటున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉందనుకుని అకౌంటెంటూ మూయలేదు, టీకి వెళ్ళినవాళ్ళు కూడా పరుగున వచ్చి సీట్లకు అతుక్కుపోయారు.

ఇక లాభం లేదు! భార్యకు ఫోన్ చేసి, "మౌస్ మీంచి చెయ్యి తియ్యకు" అని చెప్పి, సర్వర్ గదిలో దూరి లైసెన్సులు పంచే సర్వరు ఆపి మళ్ళీ వేశాడు. అందరి సాఫ్ట్‌వేరూ ఒక్కసారిగా మూతపడింది. ఆఫీసంతా గగ్గోలు. ఆ గోలలో ఆమె అందరికంటే ముందు లోపల పడింది! డ్రాయింగు గడువులోగా వెళ్ళిపోయింది. అతను ఆనందం పట్టలేక గంతేశాడు.

గంతు పూర్తికాకముందే డైరెక్టరుగారు వచ్చారు. "ఎవరయ్యా ఆపింది? నా లైసెన్సెక్కడ పోతుందోనని పొద్దున్నుంచీ తెరిచిపెట్టుకు కూర్చున్నా!"

"అది కాదు సార్, అసలు వాడేది అయిదుగురే..."

"ఇరవైకి ఇరవై నిండాయని నీ సర్వరు లెక్కే చెబుతోంది కదయ్యా! చాలకే కదా వంతెన ఆగబోయింది? ఇంకో ఇరవై కొను. వాటన్నిటికీ మేనేజరువి నువ్వే!"

మర్నాటి నుంచి అతను మేనేజరు హోదాలో ముప్పై అయిదు ఖాళీ లైసెన్సులకు కాపలా కాస్తున్నాడు.