పద్మజ పడుకున్న రోజు

మంగళవారం నాడు పద్మజకి ఒక్కటే పని ఉంది. ఏ పనీ చెయ్యకుండా ఉండాలి.

అది చెప్పినంత తేలిక కాదు. ఆమె విజయనగరం మహిళల బాస్కెట్‌బాల్ జట్టులో ప్రొఫెషనల్ క్రీడాకారిణి. ఆ సీజన్లో పదకొండు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు పెట్టారు. మ్యాచ్ లేని రోజు పొద్దున బంతితో సాధన, సాయంత్రం బరువులు. మ్యాచ్ ఉన్న రోజు మ్యాచ్. మిగిలిన కాలమంతా బస్సులో. ఆదివారం నాలుగో మ్యాచ్‌లో చివరి పది నిమిషాలూ ఆమె కాళ్ళు ఆమె మాట వినలేదు. కోచ్ మోహనకృష్ణ పక్కకి పిలిచి, అచ్చు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

"ఒళ్ళు బలపడేది కోర్టులో కాదమ్మా, మంచం మీద. మీ ఊరెళ్ళి ఒక రోజంతా పడుకో. బుధవారం సాయంత్రం శ్రీకాకుళంలో నీ కాళ్ళు తేలిగ్గా ఉంటే సరే. లేకపోతే నీ జాగాలో ఉషని దింపుతాను. ఒకసారి దిగిందంటే ఆ పిల్ల ఆ జాగా వదలదు, నీకూ తెలుసు."

పద్మజకి తెలుసు. మోకాలి ఆపరేషన్ తర్వాత రెండేళ్ళు కష్టపడి సంపాదించుకున్న జాగా అది. పోతుందేమోనని నిజంగానే భయం వేసింది. కాగితంలో ఉన్నది చాలా సులువు. తొమ్మిది గంటలు నిద్ర, ఇరవై నిమిషాలు కాళ్ళు గోడకి ఎత్తిపెట్టడం, పది నిమిషాలు ఐసునీళ్ళలో కూర్చోవడం, మళ్ళీ నిద్ర. ఆమె ఎన్ని అడుగులు వేసిందీ, గుండె ఎంత వేగంగా కొట్టుకుందీ మణికట్టుకున్న వాచీ ఎప్పటికప్పుడు కోచ్ ఫోనుకి చేరవేస్తుంది.

కోటబొమ్మాళిలోని వాళ్ళ ఇంట్లో తెల్లవారాక మంచం మీద ఉండాలంటే జ్వరమైనా రావాలి, పసిబిడ్డైనా అయి ఉండాలి. ఎనిమిదింటికి తల్లి జ్ఞానసుందరి వచ్చి కూతురి నుదురు ముట్టుకుంది, మెడ ముట్టుకుంది.

"ఒళ్ళు సల్లగానే ఉన్నాది. మరి లెగవేటే?"

"పడుకోమని మా సార్ సెప్పేరమ్మా. రాసిచ్చేరు కూడాను, సూడు."

జ్ఞానసుందరి కాగితం చూసింది. అంతా ఇంగ్లీషు. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. ముద్ర ఉన్న కాగితాన్ని ఆమె ఎన్నడూ కాదనలేదు. తలుపు దగ్గరగా వేసి, పెరటి గోడవతల ఉన్న దేముడమ్మతో కాస్త గర్వంగానే ఆ సంగతి చెప్పింది.

"మా పిల్లని మంచం దిగొద్దని రాసిచ్చేరు వొదినా."

దేముడమ్మ చేతిలో చేట ఆగిపోయింది. మంచం దిగొద్దని రాసిచ్చేది ఆవిడెరిగినంతలో డాక్టర్లే. ఏం జబ్బని అడిగితే తల్లి మనసు కష్టపడుతుందని అడగలేదు. చుట్టూ తిరిగి వీధివైపు కిటికీలోంచి తొంగిచూసింది. సరిగ్గా అప్పుడు పద్మజ కాళ్ళు రెండూ గోడకి నిలువుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉంది. దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బజారువైపు నడిచింది.

ఇంతవరకే అయితే పర్వాలేదు. పిల్లకి ఒంట్లో బాగోలేదని నలుగురూ అనుకుని సాయంత్రానికి మరిచిపోయేవారు. చిక్కంతా ఐసుతో వచ్చింది.

పద్మజ తండ్రి పరంజ్యోతి రైల్వే గేట్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నవ్వడం అంతకన్నా తక్కువ. కూతురు అడిగిందని బజారుకెళ్ళి, చేపలమ్మే సోములుతో రెండు ఐసు దిమ్మలు కావాలన్నాడు.

"రెండు దిమ్మలే! ఎవులికి బావా?"

"మా అమ్మాయికి."

సోములు కత్తి పక్కన పెట్టేశాడు. ఆ చుట్టుపక్కల ఇంటికి దిమ్మలకి దిమ్మలు ఐసు వెళ్ళేది ఒక్క సందర్భంలోనే. దూరాన ఉన్న బంధువులు కడసారి చూపుకి వచ్చేదాకా మనిషిని ఉంచాలంటే. దేముడమ్మ చెప్పిన మాట అప్పటికే బజారంతా తిరిగి ఉంది. సోములు ఐసు మీది ఊక దులిపి, దిమ్మల్ని గోనెసంచుల్లో చుట్టి, తనే ఆటో ఎక్కించాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

"ఇదేటి బావా, ఇలాటప్పుడు కూడా డబ్బులా?"

కూతురు ఆటగత్తె కాబట్టి అభిమానం కొద్దీ వద్దంటున్నాడనుకున్నాడు పరంజ్యోతి. తన బిడ్డ ఇంత పేరు తెచ్చుకుందా అనుకుంటే కళ్ళు నిండాయి. కండువాతో కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కాడు. ఆ తుడుచుకోవడం బజారంతా చూసింది.

పదకొండింటికి పద్మజ పెరట్లోని స్నానాల గదిలో, ప్లాస్టిక్ తొట్టిలో, ఐసునీళ్ళలో పళ్ళు బిగబట్టి కూర్చుంది. అదే సమయానికి వీధి గుమ్మం ముందు మొదటి చెప్పుల జత పడింది. తర్వాత పది జతలు, ఆ తర్వాత అరవై. ఆడవాళ్ళు లోపలికొచ్చి నేల మీద కూర్చున్నారు. మగవాళ్ళు చేతులు కట్టుకుని వీధిలో నిలబడ్డారు. చర్చి పాస్టరు ధనరాజు గారు తెల్లచొక్కా తొడుక్కుని బైబిలు పట్టుకుని వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎలా పోయిందని తల్లిని అడిగేంత కఠినులు ఆ ఊళ్ళో లేరు.

టోర్నమెంటు ఆడి వచ్చిన పిల్లని చూడ్డానికి ఊరంతా కదిలొచ్చిందనుకుంది జ్ఞానసుందరి. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంతమంది వస్తారనుకోనేదు," అంది.

దేముడమ్మ ఆమెని గట్టిగా పట్టుకుంది. "ఎలాటి పిల్లమ్మా! ఒక్కసారి సూడనీవా?"

"ఐసులో ఉన్నాది వొదినా. పది నిముషాలాగితే సూద్దురుగాని."

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా బావురుమన్నారు. ధనరాజు గారు లేచి నిలబడి, "ఈ బిడ్డకి విశ్రాంతి దయచేయుము ప్రభువా" అని ప్రార్థించారు. కాగితంలో ఉన్నదీ అదే కాబట్టి జ్ఞానసుందరి అందరికన్నా గట్టిగా ఆమేన్ చెప్పింది.

ఏడుపులు విని పద్మజ తువ్వాలు చుట్టుకుని, వణుకుతూ పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, ఎవులు పోయేరే?"

దేముడమ్మ ఉన్నచోటే కూలబడింది. సంగతి అందరికీ అర్థం కావడానికి పావుగంట పట్టింది. తన కోసం ఏడ్చి ఎర్రబడ్డ ఆ కళ్ళు చూస్తే పద్మజకి కోపం రాలేదు. బతికుండగా ఇంత ప్రేమ చూసుకోవడం ఎంతమందికి దక్కుతుంది?

అసలు కష్టం అప్పుడు మొదలైంది. చావుకి వచ్చినవాళ్ళకి టీ ఇవ్వరు. చావు లేదని తేలాక ఇవ్వకుండా పంపరు. అరవైమందికి టీ పెట్టడం జ్ఞానసుందరి ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. కృతజ్ఞతా ప్రార్థన చేసి తీరాలన్నారు ధనరాజు గారు. చర్చి నుంచి కుర్చీలు మోసుకురావాల్సి వచ్చింది. ముసలివాళ్ళు పిల్లని నిలబెట్టి చేతులు, కాళ్ళు తడిమి చూసుకున్నారు. ఈలోగా కబురందిన బంధువులు టెక్కలి నుంచి, నరసన్నపేట నుంచి విడతలు విడతలుగా దిగారు. ప్రతి విడతా వీధి మొదటి నుంచే ఏడుస్తూ వచ్చింది. ప్రతి విడతకీ పద్మజ ఎదురెళ్ళి తను బతికే ఉన్నానని చెప్పి, ఓదార్చి, టీ ఇచ్చింది.

మూడింటికి కోచ్ ఫోన్ చేశాడు.

"పద్మజా! పదిహేడు వేల అడుగులు వేశావు. ఆదివారం మ్యాచ్‌లో కూడా అన్ని వెయ్యలేదు. ఏం చేస్తున్నావమ్మా అక్కడ?"

"నేను సచ్చిపోనేదని అందరికీ సెప్తన్నాను సార్."

కోచ్ జరిగిందంతా ఆమెతో చెప్పించుకున్నాడు. తర్వాత ఫోను నాన్నగారికిచ్చి, అందరికీ వినబడేలా పెట్టమన్నాడు.

"అయ్యా, ఆ పిల్లని మీ దగ్గరికి నిద్రపోవడానికి పంపాను. మీరంతా కలిసి నిద్రపోనివ్వలేదు. రేపు ఉష ఆడుతుంది. పద్మజ రెండేళ్ళ కష్టం మీ టీ గిన్నెలో పోసేశారు."

పద్మజ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. బయట అరవైమందీ చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. అయినా ఆమెకి నిద్ర పట్టలేదు.

బుధవారం సాయంత్రం శ్రీకాకుళం ఇండోర్ హాలు ముందు కోటబొమ్మాళి నుంచి రెండు వేన్‌లు ఆగాయి. చేసిన తప్పుకి ఏం చెయ్యాలో తెలియక అందరూ కలిసి వచ్చేశారు. మ్యాచ్ మొదలైంది. కోర్టులో ఉష ఉంది. పద్మజ బెంచీ చివర, ముఖం మీద తువ్వాలు వేసుకుని కూర్చుంది. మూడో క్వార్టర్ సగమయ్యేసరికి తల పక్కకి వాలిపోయింది. డప్పులు మోగుతున్నాయి, ఈలలు వేస్తున్నారు, మైకులో ఎవరో అరుస్తున్నారు. ఆమె మాత్రం కదల్లేదు.

"పడుకున్నాది!" అంది దేముడమ్మ.

జ్ఞానసుందరి వంగి చూసింది. "అవును, పడుకున్నాది," అంది. నిన్నటి ఫోను తర్వాత ఆ తల్లి ముఖంలో ఇప్పుడే కాస్త వెలుగొచ్చింది.

చివరి క్వార్టర్లో ఆరు నిమిషాలుండగా ఉష పిక్కలు పట్టేసి కింద కూర్చుండిపోయింది. జట్టు తొమ్మిది పాయింట్లు వెనకబడి ఉంది. మోహనకృష్ణ టైమౌట్ అడిగి బెంచీవైపు తిరిగాడు.

"పద్మజా!"

అరవైమంది ఒక్కసారి లేచారు. "నిద్ర నేపకండి సార్!"

జ్ఞానసుందరి మెట్లు దిగి వచ్చి, బెంచీకి కోచ్‌కి మధ్య చేతులు చాపి నిలబడింది. "నిన్న మావల్ల నిద్ర నేదు బాబూ. ఈ వేళ మీవల్ల పోతే ఎలాగ?"

"అమ్మా, ఇది మ్యాచ్!"

"మెల్లగా మాటాడండి."

అప్పుడు ధనరాజు గారు స్టాండులో నిలబడి, చర్చిలో పిల్లల్ని ఊరుకోబెట్టినట్టు పెదాల మీద వేలు పెట్టి హాలంతా కలయజూశారు. కోటబొమ్మాళివాళ్ళు పక్కవాళ్ళనీ, ఆ పక్కవాళ్ళనీ ఊరుకోబెట్టారు. ఎందుకో తెలియకపోయినా డప్పులవాళ్ళు ఆగారు. మైకు ఆగింది. హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దానికి పద్మజ ఉలిక్కిపడి లేచింది. తన ఊరివాళ్ళంతా ఇలా ఒకచోట చేరడం ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది, నిన్న తను పోయిందనుకున్నప్పుడు.

"ఈపాలి ఎవులు పోయేరమ్మా?" అంది.

కోచ్ బంతి చేతికిచ్చి కోర్టులోకి తోశాడు. ఆమె కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. అవతలి జట్టు ముప్పై నాలుగు నిమిషాలు పరుగెత్తి అలిసిపోయి ఉంది, ఆమె అప్పుడే నిద్ర లేచింది. ఆరు నిమిషాల్లో పదమూడు పాయింట్లు వేసింది. జట్టు రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. మోహనకృష్ణ ఆమె తల మీద చెయ్యి వేసి, "నీ జాగా నీదేనమ్మా" అన్నాడు. పద్మజ అక్కడే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ సార్ తొందరపడకుండా ఇంకో పది నిమిషాలు పడుకోనిచ్చి ఉంటే పిల్ల ఇంకా బాగా ఆడి ఉండేదని కోటబొమ్మాళిలో ఇప్పటికీ అందరిదీ ఒకటే మాట.