యోబు వాయించిన ముక్క

ఆ గురువారం పొద్దున యోబు వేసుకున్న ఆలోచన చాలా చిన్నది. తాండూరు స్టేషన్ దగ్గర మహేందర్ హోటల్లో ఒక చాయ్ తాగి, క్లారినెట్ చంకన పెట్టుకుని విడిదికి వెళ్లి, బాల్‌రాజ్ పటేలు కొడుకు పెళ్లి ఊరేగింపు, బరాత్, నడిపించాలి. వెంట డోలు చంద్రప్ప ఉన్నాడు. మహేందర్ సరిగ్గా అప్పుడే కొత్త ప్లేటు తెచ్చి గ్రామఫోను మీద పెట్టకపోయుంటే అంతా సవ్యంగానే జరిగిపోయేది.

అది ఊరూరా మారుమోగుతున్న సినిమా పాట. చరణాల నడుమ క్లారినెట్ రాగానే యోబు గ్లాసు కింద పెట్టేశాడు.

"గది నేను వాయించిందే!"

హోటలంతా ఇటు తిరిగింది. రెండేళ్ల కిందట క్లారినెట్ బాగు చేయించుకోవడానికి మద్రాసు వెళ్తే, అక్కడ ఒక రికార్డింగుకు వాయించే మనిషి రాలేదని యోబును కూర్చోబెట్టారు. వెంట వెళ్లిన చంద్రప్ప చేతికి డోలక్ ఇచ్చారు. ఈ సంగతి నమ్మనివాళ్లలో మొదటిది యోబు భార్య భాగమ్మ. "సముద్రం జూసొచ్చి కథలు చెప్తుండు" అని ఆమె నలుగురిలో అన్నప్పుడల్లా అతని మనసు నిజంగానే చివుక్కుమనేది. ఆమె ఒక్కతే నమ్మితే చాలనుకునేవాడు.

"పాడే ఆమెను జూసినవా అన్నా?" అని ఒక హమాలీ ఆశగా అడిగాడు.

"ఆమె అద్దాల గదిల ఉండె. పాట మాకు ఇనబడనే లేదు. మాస్టర్ చెయ్యి జూసుడు, మన ముక్క ఊదుడు, గంతే."

చంద్రప్ప అడ్డం వచ్చాడు. "గిది కాదన్నా. మనది ప్లేటు ఎనుక దిక్కున్నది. గదే రాగం, ఏడ్పు పాట."

"నాకు ఎరుక లేదా? సంతోషం పాటనే!"

మహేందర్ ప్లేటు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఒకటే రాగం, ఇటు హుషారుగా, అటు దిగులుగా. హోటల్ రెండు పార్టీలైంది. రైలు దిగినవాళ్లు కూడా సంగతేమిటో తెలుసుకుందామని ఆగిపోయారు.

అక్కడ విడిదిలో ముహూర్తం దగ్గరపడుతోంది, మేళం జాడ లేదు. పటేలు యోబు ఇంటికి పరుగెత్తి భాగమ్మను వెంటబెట్టుకుని హోటలుకు వచ్చాడు. వాళ్ల వెనకే గుర్రం, గుర్రం మీద పెళ్లికొడుకు.

"ఇద్దరు కలిసి ఒక్క కథ సక్కగ చెప్పలేరు. అబద్ధమని ఇంకెట్ల చెప్పాలె?" అంది భాగమ్మ.

అప్పటికి ప్లేటు ఏడ్పు వైపు నడుస్తోంది. క్లారినెట్ మొదలయ్యే ముందు చిన్న చప్పుడు వినిపించింది. భాగమ్మ చెయ్యెత్తింది.

"ఆగు. మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టారు. ముక్కుతో బుస్సుమని గాలి పీల్చిన చప్పుడు.

"గిది మాయన ఊపిరే! ఊదే ముందు దినాం గిట్లనే పీలుస్తడు. ఇంట్ల ఇంటున్న గద!"

హోటల్ గొల్లుమంది. యోబు కళ్లలో నీళ్లు తిరిగాయి. తను పందెం కాసినట్టు వాదించిన పాట తనది కాదన్న సిగ్గు కూడా అతనికి గుర్తు రాలేదు.

పటేలు కోపం ఎటు పోయిందో పోయింది. "ప్లేటుల వాయించినోడు మా బరాత్‌ల వాయిస్తుండు! గదే వాయించు యోబు, మస్తుంటది!"

"పటేలా, గది దుఃఖం పాట. నాకు నడిమి ముక్కనే వస్తది."

"వచ్చిందే వాయించు. ఎవరికి ఎరుకైతది?"

బరాత్ కదిలింది. భాగమ్మ కొంగు దోపుకుని అందరికంటే ముందు నడిచింది. యోబు ప్రాణం పెట్టి ఆ ముక్కనే వాయించాడు, అది అయిపోతే మళ్లీ అదే. చంద్రప్ప డోలు మెల్లగా, బరువుగా పడుతోంది. గుర్రం కూడా తల దించుకుని నడిచింది. దారిన పోయేవాళ్లు తలగుడ్డలు తీసి పక్కకు నిలబడ్డారు. పెళ్లికూతురి ఇంటి సందు మలుపు తిరిగేసరికి ఆ రాగం లోపలి పెద్దల చెవిన పడింది. శుభమా అని పెళ్లి చేస్తుంటే వాకిటి ముందునుంచి ఎవరిదో శవం పోతోందనుకుని వాళ్లు గబగబా తలుపులు మూయించి గడియ పెట్టారు.

ముహూర్తం ఒక్కటే వేళకు వచ్చింది.