జెండా దించని పందెం

మన ద్వీపాలలో మహిళల రోడ్డు సైకిల్ పందెం అత్యంత విజయవంతంగా, పరమ శాంతియుతంగా ముగిసిందని ప్రకటించడానికి నిర్వాహకులు సంతోషిస్తున్నారు. ఈ సంతోషంలో పాలుపంచుకోని మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ పందెంలో అందరికన్నా ముందొచ్చిన పద్మిని.

పద్మిని ఇక్కడి రేవుపేట హాడోలో పుట్టిన పిల్ల. తాతగారు ఏనాడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. ఇక్కడి ఎత్తుపల్లాల మీద సైకిల్ నేర్చుకుని, మెయిన్‌లాండ్‌లో ఒక కంపెనీ జట్టులో చేరి, తొక్కడానికే జీతం తీసుకుంటోంది. అది ఉద్యోగమంటే మనవాళ్ళకి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "తొక్కుతాది సరే, పనేటి చేస్తాది?" అని వాళ్ళమ్మ సింహాచలమ్మని నిలదీస్తూనే ఉంటారు. ఈ పందెం గెలిస్తే జాతీయ శిబిరంలో ద్వీపాలకిచ్చిన ఒకే ఒక్క చోటు ఆమెది. గెలవకపోతే కంపెనీ ఒప్పందం పొడిగించదు. కాళ్ళలో సత్తువ ఉండగానే ఇంట్లో కూర్చోవాలి.

పందెం హాడో నుంచి చిడియాటాపు దాకా. రోడ్డు పందేలకు ఒక పద్ధతి ఉంది. ముందు జీపులో ఒకరు జెండా పట్టుకుని మెల్లగా వెళతారు. ఊరు దాటాక జెండా దించుతారు. అది దిగాకే అసలు పందెం, అంతదాకా జీపుని ఎవరూ దాటకూడదు. క్రీడా ప్రోత్సాహక సంఘం కార్యదర్శి వెంకటసుబ్బయ్యగారికి ఈ నియమం తెగ నచ్చేసింది. పెద్దలను దాటరాదనే మన సంస్కృతి సైకిళ్ళకు కూడా వర్తిస్తుందని ఆయనకు అంతవరకూ తెలియదు. వెంటనే ముఖ్య అతిథిని జీపులో నిలబెట్టి జెండా చేతికిచ్చారు.

"ఆడపిల్లలు ముందుకు దూసుకుపోవాలి! ఏ శక్తీ వారికి అడ్డు నిలవకూడదు!" అని ముఖ్య అతిథి గర్జించి, వాళ్ళకి అడ్డంగా బయలుదేరారు.

డెలానీపూర్‌లో హారతి పట్టారు. ఆ పై కూడలిలో శాలువా కప్పారు. జీపు ఆగినప్పుడల్లా క్రీడాకారిణులు ఒక కాలు కిందపెట్టి చప్పట్లు కొట్టవలసిందిగా మైకులో సూచనలు వచ్చాయి. ఊరు దాటింది, జెండా దిగలేదు. పట్టుకున్నాక ఆయనకు దాన్ని వదలబుద్ధి కాలేదు. జనం లేనిచోట కొబ్బరితోటలకు కూడా ఊపారు.

డిగ్లీపూర్ నుంచి రోజంతా బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని పందేనికి వచ్చిన దుర్గ, పద్మిని పక్కకి జరిగింది. "దీదీ, ఇది రేసా, పెళ్ళి బరాతా?"

"చుప్. జెండా మీదే కన్నుంచు," అంది పద్మిని.

బర్మానాలలో ఒక గజమాల ఎదురైంది. గజమాలకి తల వంచాలి, రెండు చేతులూ జోడించాలి. అయ్యగారు జెండా దించారు. ఆ శుభ ఘడియను బంధించడానికి రోడ్డు పొడుగునా ఫోన్లు లేచాయి. ఆ ఫోన్ల పక్కనుంచి పద్మిని రివ్వున వెళ్ళిపోయింది. ముందు ఎవరూ లేని ఆ కొండ రోడ్డు మీద ఎక్కుతుంటే ఆమెకి సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిడియాటాపులో కొబ్బరిబొండాలమ్మే అప్పయ్య తప్ప ఎవరూ లేరు. అధికారులంతా అతిథి వెనక కార్లలో ఉన్నారు. రిబ్బను ఇంకా కట్టలేదు.

"రేసు ఎప్పుడొస్తాదమ్మా?" అనడిగాడు అప్పయ్య.

"వచ్చేసింది భయ్యా," అంది పద్మిని.

ఊరేగింపు తీరిగ్గా చేరుకున్నాక వెంకటసుబ్బయ్యగారు తీర్పు చదివారు. జెండా దించబడలేదు, మాల నిమిత్తం పక్కన పెట్టబడింది. కావున పందెం ప్రారంభం కాలేదు. ప్రారంభం కాని పందెంలో మొదట రావడం క్రమశిక్షణా రాహిత్యం.

"అతిథిగారే కదండీ ముందుకు దూసుకుపొమ్మన్నారు!" అంది పద్మిని.

"అది ఉపన్యాసమమ్మా, అనుమతి కాదు," అన్నారు కార్యదర్శిగారు ఎంతో వాత్సల్యంగా. జెండా దిగినట్టు సాక్ష్యముంటే వారంలోగా తెమ్మన్నారు. లేనిపక్షంలో శిబిరంలో చోటు వృథా కాకుండా పరిశీలకుడిగా తానే వెళ్ళే త్యాగానికి సిద్ధపడ్డారు.

సాక్ష్యానికేం కొదవ? ఊరంతా వీడియో తీసింది. పద్మిని ధైర్యంగా ఇల్లిల్లూ తిరిగింది. సరోజిని టీచరు టీ ఇచ్చి, నువ్వు మా పరువు నిలబెట్టావని కౌగిలించుకుంది. "వీడియో ఉందమ్మా, క్లియర్‌గా ఉంది. కానీ మా క్వార్టర్ మార్పు ఫైలు వెంకటసుబ్బయ్యగారి ఆఫీసులో, ఆయన దగ్గరే ఉంది మరి." మణికుమార్ తమ్ముడికి ఉద్యోగం ఆ చేతిమీదుగానే పర్మనెంటు కావలసి ఉంది. సత్యారావుగారైతే తన ఫోన్లోనే వేసి చూపించారు. "చూడు, జెండా ఎంత బాగా దిగిందో!" అని గర్వంతో కళ్ళు తుడుచుకుని, ఫోను జేబులో పెట్టేసుకున్నారు. అందరూ పోరాటం ఆపొద్దన్నారు. అందరూ ఆమెతో సెల్ఫీ దిగారు.

"ఇంతమంది మెచ్చుకున్నారు, ఒక్కరూ ఇవ్వలేదేటే?" అంది సింహాచలమ్మ. పద్మిని గోడవైపు తిరిగి ఏడ్చింది.

గడువు దాటిన మర్నాడు వెంకటసుబ్బయ్యగారు విమానమెక్కారు. ఒప్పందం ముగిసిందని కంపెనీ నుంచి కబురొచ్చింది. జట్టు సైకిలు తిరిగి పంపించడానికి పద్మిని దాన్ని ఆఖరిసారి తొక్కుకుంటూ హాడో రేవుకి బయలుదేరింది. రోడ్డుకి రెండు వైపులా జనం చేరారు. అన్యాయం, ఘోరం అన్నారు. ఫోన్లెత్తి వీడియో తీశారు.

మీరు కూడా తీశారు. దానికి ఏడుపు బొమ్మ జతచేసి అందరికీ పంపారు. బర్మానాలలో జెండా దిగుతుంటే తీసినది మాత్రం ఇంకా మీ దగ్గరే ఉంది.