కిటికీలోంచి బజారు చరిత్ర

మన ఊరి నడిబొడ్డు బజారుకు చరిత్ర ఉందని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతవరకూ లేనట్టే లెక్క. రాసే భారం రిటైరైన చరిత్ర మాస్టారి మీద పడింది. పడిందంటే, ఆయనే వెళ్ళి దాని కింద నిలబడ్డారు.

మాస్టారు ఆ బజారులోనే ఒక మేడమీద అద్దెకుంటారు. మోకాళ్ళు మొరాయించడంతో మెట్లు దిగకుండా, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చరిత్ర అందుకున్నారు. ఎదురుగా బట్టలకొట్టు మీది కమాను వంకర. ఇటుకలు చాలక మేస్త్రీ అలా ముగించాడని బజారందరికీ తెలుసు. మాస్టారు దాన్ని "వినయంతో తలవంచిన శిల్పశైలి" అన్నారు. గడియారాల కొట్టువాళ్ళు పై అంతస్తుకు మెట్లు కట్టడం మరిచిపోతే, అందులో ఆయనకు పూర్వుల ముందుచూపు కనబడింది.

"ఏమండీ, ఒక్కసారి కిందికి దిగి చూసి రాయకూడదూ?" అంది భార్య.

"మరీ దగ్గరికెళితే చరిత్ర కంటికి ఆనదే," అన్నారు మాస్టారు.

పుస్తకం అచ్చయింది. సంఘం అధ్యక్షులవారు ఆవిష్కరిస్తూ, "ఈ గ్రంథంలో ఉన్న ప్రతి కట్టడాన్నీ కంటికి రెప్పలా కాపాడతాం. లేనివాటిని పడగొట్టి, చూడవచ్చేవారి బండ్లకు చోటు చేస్తాం" అని సెలవిచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మాస్టారే.

తీరా చూస్తే పుస్తకానికెక్కని కట్టడం ఒక్కటే తేలింది. మాస్టారున్న మేడ. కిటికీలోంచి లోకమంతా కనబడుతుంది గానీ, కిటికీ ఉన్న గోడ కనబడదు కదా. పైగా బజారు మొత్తంలో నిజంగా పాతది అదొక్కటే.

"వెళ్ళి మరిచిపోయానని చెప్పండి. నోరేం అరిగిపోదు," అంది భార్య.

వెళ్ళారు. అధ్యక్షులవారు కుర్చీ చూపించి, "అయితే పుస్తకంలో తప్పుందంటారా మాస్టారూ? ఒకటుంటే ఇంకెన్నున్నాయో, మొదటినుంచీ తనిఖీ చేయిద్దామా?" అన్నారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "తప్పా? ఒక్క అక్షరం తప్పు లేదండి."

మేడ కూలుస్తుంటే లోపలినుంచి చెక్కడపు పని చేసిన దూలాలు బయటపడ్డాయి. సామాను బండి పక్కన నిలబడి మాస్టారు ఆ మేడ ముఖాన్ని మొదటిసారి తీరిగ్గా చూశారు.

"ఎంత బాగుందో కదే," అన్నారు.

"కిటికీ ఉన్న ఇల్లే వెతకండి. మళ్ళీ ఏదో ఒకటి రాయాలిగా," అంది భార్య, బండెక్కుతూ.

మొన్న మనమూ వెళ్ళాం. ఆ ఖాళీలోనే బండి పెట్టాం. వంకర కమాను ముందు ఫోటో దిగాం. తిరిగొస్తూ, బండి పెట్టుకోవడానికి చోటు మాత్రం విశాలంగా ఉందని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాం.