నిల్వ తగ్గకూడదు

మన విదేశీ మారక నిల్వలు, బంగారంతో కలిపి, చరిత్రలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరాయని ఆర్థిక మంత్రిగారు పత్రికలవాళ్లను పిలిపించి ప్రకటించారు. ఆయన వెనక గోడ మీద పెద్ద గ్రాఫు ఉంది. అందులో గీత పైకి పోయి పోయి, కాగితం చాలక, పైన అతికించిన ఇంకో కాగితం మీదికి ఎక్కింది.

"ఇరవై ఏళ్ల క్రితం మన దగ్గర మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లుండేవి. ఇవాళ ముప్పై ఏళ్లకు సరిపడా ఉన్నాయి," అన్నారు మంత్రిగారు.

"ఎలా సాధ్యమైందండీ?" అని అడిగాడు ఒక విలేకరి.

"దిగుమతులు ఆపేశాం."

అందరూ గబగబా రాసుకున్నారు.

"ఆస్పత్రుల్లో మందులు దొరకడం లేదంటున్నారు సార్?"

"చూశారా! మనం ఎంత పొదుపుగా ఉన్నామో రోగులకు కూడా తెలిసిపోయింది."

ఇంత గొప్ప సంపదను ప్రజలు కళ్లారా చూడాలి కదా. అందుకని ఈ నెలాఖరున కేంద్ర బ్యాంకు ఖజానా తలుపు తెరిచి, లోపలి బంగారాన్ని టీవీలో చూపిస్తామని కూడా మంత్రిగారు సెలవిచ్చారు. హాలు చప్పట్లతో మారుమోగింది. వెనక వరసలో కూర్చున్న ఖజానా అధికారి చేతులు మాత్రం సగంలో ఆగిపోయాయి.

ఆ తలుపు తెరుచుకోక రెండు నెలలవుతోంది. తాళంలో వేలెడంత స్ప్రింగు విరిగింది. అది పరాయి దేశంలో తప్ప దొరకదు. ఖరీదు నాలుగు వందల డాలర్లు. తలుపుతో ఎవరికీ పని పడలేదు కాబట్టి సంగతి బయటికి పొక్కలేదు. ప్రపంచ బజారులో బంగారం ధర పెరిగినప్పుడల్లా మన నిల్వ విలువా పెరిగేది. లోపలి బంగారం చీకట్లో కూర్చుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, తన పని తాను చేసుకుపోతోంది. ప్రభుత్వంలో అంత క్రమశిక్షణ గల శాఖ ఇంకోటి లేదు.

ఖజానా అధికారి కాళ్లీడ్చుకుంటూ ఆర్థిక శాఖ కార్యదర్శి గదికి వెళ్లాడు.

"సార్, నాలుగు వందల డాలర్లు కావాలి. నిల్వ ఉన్న గది తాళం బాగుచేయించాలి."

"నిల్వలోంచి తీస్తే నిల్వ తగ్గదూ?"

"తగ్గుతుందండి. నాలుగు వందలే."

"గీత కిందికి తిరుగుతుందయ్యా! మంత్రిగారి హయాంలో ఒక్క డాలరు గడప దాటలేదు. గుండె జబ్బువాళ్లకే ఇవ్వనిది తలుపుకిస్తామా?"

"మరి ఆ రోజు తలుపు తెరుచుకోకపోతేనో?"

"తలుపు మీద చర్య తీసుకోలేం కదా," అన్నాడు కార్యదర్శి ఎంతో సౌమ్యంగా. "మీ మీదే తీసుకుంటాం. ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు మీరు."

ఖజానా అధికారి ఇంటికెళ్లి భార్యతో చెప్పాడు. ఆవిడ స్టవ్ ఆపి, తన చేతి గాజుల వంక చూసుకుంది. పెళ్లైన కొత్తలో ఆయన మోటారు సైకిలు అమ్మి చేయించిన నాలుగు బంగారు గాజులవి.

"లోపల అంత బంగారం పెట్టుకుని నా గాజులెందుకండీ?"

"అది దేశానిదే."

"తలుపో?"

"అదీ దేశానిదే."

"స్ప్రింగొక్కటే మనదా?"

ఆవిడ సబ్బు రాసుకుని గాజులు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఉద్యోగం ఉంటే గాజులొస్తాయి. గాజులుంటే ఉద్యోగం రాదుగా," అంది.

బజారు మలుపులో గొడుగులు బాగుచేసేవాడొకడున్నాడు. ఎండ మండిపోతున్నా అతని దగ్గర జనం తగ్గరు, ఎందుకంటే అతను డాలర్లు కూడా అమ్ముతాడు. గాజులు తీసుకుని, నాలుగు వంద డాలర్ల నోట్లు ఒక పాత గొడుగులో మడిచి ఇచ్చాడు. "ఎవరికీ అనుమానం రాదు సార్, మా పద్ధతే ఇది," అన్నాడు.

అనుమానం ఎవరికీ రాలేదు. వానొచ్చింది. ఖజానా అధికారి అలవాటు కొద్దీ గొడుగు విప్పాడు. నాలుగు నోట్లూ పోయి పోయి కానిస్టేబుల్ బూట్ల దగ్గర పడ్డాయి.

డాలర్లు, గాజులు, గొడుగులవాడు, అధికారి అందరూ కలిసి స్టేషనుకు చేరారు. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇక మిగిలింది జైలేనని ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. ఇంతలో కబురందుకున్న కార్యదర్శి పరుగున వచ్చాడు.

"ఈ డాలర్లు ఇంతకు ముందు మన లెక్కలో ఉన్నాయా?"

"లేవండి."

"గాజులో?"

"అవీ లేవండి. మా ఆవిడవి."

"అంటే బయటివి లోపలికొచ్చాయి!" కార్యదర్శి ఆయన్ను కావలించుకున్నంత పని చేశాడు. "నిల్వ పెరిగిందయ్యా!"

నెలాఖరున మంత్రిగారు మూసిన తలుపు ముందు, కెమెరాల వెలుగులో నిలబడ్డారు. "ఈ తలుపు వెనక మన బంగారం ఎంత భద్రంగా ఉందంటే, దాన్ని మేం కూడా ముట్టుకోలేం," అన్నారు. చప్పట్లు. తర్వాత నాలుగు గాజులు పైకెత్తి చూపించి, సొంత ఇంటి నుంచి నిల్వలు పెంచిన తొలి ఉద్యోగి అంటూ ఖజానా అధికారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఉద్యోగం నిలబడింది. గొడుగులవాణ్ణి సలహాదారుగా వేసుకున్నారు.

తీరా చూస్తే కొత్త నిల్వను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఖజానా తెరుచుకోదు. కార్యదర్శి డాలర్లనూ గాజులనూ ఒక రేకు డబ్బాలో పెట్టించి, లక్కతో సీలు వేయించి, "ఖజానా అధికారి మీరే కదా, మీ ఇంట్లో పెట్టండి," అన్నాడు. కాపలాకు తుపాకీతో ఒక గార్డును కూడా ఇచ్చాడు.

డబ్బా చూడగానే ఆయన భార్య మొహం విప్పారింది. "వచ్చేశాయా నా గాజులు!" అంటూ చెయ్యి చాపింది.

"ముట్టుకోకు. అవి నిల్వ."

"ఒక్కసారి వేసుకుని తీసేస్తానండీ."

గుమ్మంలో గార్డు గొంతు సవరించుకున్నాడు. "వేసుకుంటే తగ్గుతుందటమ్మా," అన్నాడు మొహమాటంగా.

ఆవిడ డబ్బాను బీరువాలో, ఎప్పుడూ గాజులు పెట్టుకునే అరలోనే పెట్టి తాళం వేసింది. గార్డుకు టీ ఇచ్చింది.

ఆ వారం బంగారం ధర మళ్లీ పెరిగింది. టీవీలో మంత్రిగారి గ్రాఫు మూడో కాగితం మీదికి ఎక్కింది. ఆవిడ బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని వార్తలన్నీ చివరిదాకా విని, వంటింటి వైపు తిరిగింది.

"ఏమండీ," అని పిలిచింది, "మనం మళ్లీ పెరిగామట."